గండిపేట నుంచి సాగర్ దాకా: జలాశయం అడుగు మ్యాప్ మనమే తయారుచేసుకునే పద్ధతి

నీళ్ల లోతు, చేపల జాడ చూపించే కొత్త ఫిష్ ఫైండర్ డబ్బా విప్పి, బ్యాటరీ తగిలించి, మ్యాప్ స్క్రీన్ తెరిస్తే గండిపేట (ఉస్మాన్‌సాగర్) ఉండాల్సిన చోట ఒక నీలం మచ్చ కనిపిస్తుంది. లోతు గీతలు ఉండవు, బండలు ఉండవు, వాగు జాడ ఉండదు. చిన్న చెరువైతే ఆ మచ్చ కూడా ఉండదు. పరికరంలో లోపమేమీ లేదు. ఈ కంపెనీల మ్యాపులు ఎక్కువగా సముద్రాలకు, అమెరికా, ఐరోపా సరస్సులకు తయారైనవి. మన దేశంలో సముద్రపు చార్టులు వేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు. జాతీయ జలమార్గాల పని ఇన్‌ల్యాండ్ వాటర్‌వేస్ అథారిటీది. నాలుగో నంబరు జలమార్గంలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణానది ఉంది. ఉస్మాన్‌సాగర్, సింగూరు, కోట్‌పల్లి లాంటివి ఈ రెండు ఆఫీసుల లెక్కలోకీ రావు.

అందుకని మ్యాప్ కార్డు విడిగా కొనేటట్లయితే దుకాణంలోనే పెట్టి చూపించమనండి. మీరు వెళ్లే నీళ్ల మీదికి జూమ్ చేసినప్పుడు ఒక్క లోతు గీతైనా కనబడితేనే డబ్బు కట్టండి. కనబడకపోతే ఆ డబ్బు మంచి ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి ధ్వని పంపి ప్రతిధ్వని పట్టే భాగం) మీద పెట్టడం మేలు. మ్యాప్ మనమే వేసుకోవచ్చు. పని పెద్ద కష్టమేం కాదు గానీ, ఒక్క విషయం దగ్గర దాదాపు అందరి మ్యాపులూ చెడిపోతాయి. ముందు అది చూద్దాం.

లోతు రాస్తే చాలదు, మట్టం రాయాలి

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. మధ్యలో 80 అడుగుల తేడా. నిండుగా ఉన్న రోజు 60 అడుగుల లోతు చూపించిన చోట, మట్టం బాగా పడిపోయిన వేసవిలో నేల తేలి గొర్లు మేస్తుండొచ్చు. అంటే ‘ఇక్కడ 60 అడుగులు’ అని రాసుకున్న మ్యాప్‌కి తేదీ, ఆ రోజు నీటిమట్టం పక్కన లేకపోతే అది చిత్తు కాగితమే.

లెక్క చిన్నది. ఆ రోజు జలాశయం మట్టంలోంచి మీరు కొలిచిన లోతు తీసేస్తే అడుగు మట్టం వస్తుంది. ఉస్మాన్‌సాగర్‌లో నీళ్లు 1786.4 అడుగుల దగ్గర ఉన్న రోజు సోనార్ (ధ్వనితో లోతు కొలిచే మన పరికరం) 11.4 అడుగులు చూపిందనుకోండి. అక్కడ నేల 1775 అడుగుల మట్టంలో ఉన్నట్టు. ఈ 1775 మారదు, పూడిక పడితే తప్ప. తర్వాత ఎప్పుడైనా నీళ్లు 1781కి దిగాయని తెలిస్తే అక్కడ 6 అడుగులే ఉంటాయని ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. మ్యాప్ అంతా ఈ అడుగు మట్టాల్లోనే దాచుకోండి. లోతు అనేది ఏ రోజుకారోజు తీసుకునే తేడా మాత్రమే.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు: ఉస్మాన్‌సాగర్ ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1763.5 అడుగులు, సింగూరు 523.6 మీటర్లు, హుస్సేన్‌సాగర్ 513.41 మీటర్లు, శ్రీశైలం 885 అడుగులు. కొన్ని అడుగుల్లో, కొన్ని మీటర్లలో నడుస్తాయి. రెండూ కలిపితే మ్యాప్ పాడవుతుంది. ఒక జలాశయానికి ఒకే కొలత పెట్టుకోండి, అడుగుల్ని మీటర్లలోకి మార్చాల్సి వస్తే 0.3048తో గుణించండి. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) మట్టం వాటర్ బోర్డు లెక్కల్లోంచి రోజూ పేపర్లో పడుతుంది. పెద్ద ప్రాజెక్టులవి నీటిపారుదల శాఖ ఇస్తుంది. కట్ట మీద నీటిమట్టం అంకెలున్న గేజీ పలక ఉంటే ఫోన్‌తో దాని ఫొటో తీయండి. తేదీ, సమయం ఫొటోలోనే ఉంటాయి, చేతి రాత మీద ఆధారపడక్కర్లేదు.

గేజీ లేని ఊరి చెరువు సంగతి? మత్తడి ఉంటుంది కదా. మత్తడి గోడ పైఅంచుని సున్నా అనుకోండి. నీళ్లు ఆ అంచుకి ఎంత కిందున్నాయో టేపుతో కొలవండి. నీళ్లు మత్తడికి దూరంగా వెనక్కి వెళ్లిపోయి ఉంటే మేస్త్రీలు లెవల్ చూసే పారదర్శకమైన పైపు ఉందిగా, అదే చాలు. పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస మత్తడి అంచు దగ్గర, ఇంకో కొస ఒడ్డున పాతిన కర్ర దగ్గర పట్టుకుని మట్టం బదిలీ చేయండి. దూరం ఎక్కువైతే రెండు మూడు మజిలీలుగా చేయొచ్చు. రెండు మూడు సెంటీమీటర్ల తేడా వచ్చినా మన పనికి అడ్డం కాదు.

జీపీఎస్ ఎత్తుని మాత్రం ఈ లెక్కలోకి తీసుకురావద్దు. ఉపగ్రహం లెక్కకట్టే ఎత్తు భూమిని ధ్రువాల దగ్గర కాస్త అణిగిన నున్నటి గోళంలా ఊహించి ఇచ్చేది. ప్రాజెక్టు మట్టాలు సగటు సముద్రమట్టం నుంచి కొలిచినవి. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ రెండింటికీ తేడా 70 మీటర్ల పైనే. కొన్ని పరికరాలు దాన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు. సరిచేసినా నిలువు దిశలో జీపీఎస్ మీటర్ల లెక్కన ఊగుతుంది. స్థానానికి జీపీఎస్, మట్టానికి గేజీ.

సముద్రంలో తిరిగి వచ్చినవాళ్లకు ఇంకో హెచ్చరిక. సముద్రపు చార్టులో లోతులు దాదాపు ఆటుపోట్లలో నీళ్లు అన్నిటికన్నా కిందికి దిగే మట్టం నుంచి వేస్తారు, కాబట్టి నిజంగా ఉండే నీళ్లు మామూలుగా చార్టులో కన్నా ఎక్కువే. నిండు జలాశయం మీద వేసిన మ్యాప్‌లో ఇది తలకిందులు: ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండే నీళ్లు మ్యాప్‌లో కన్నా తక్కువ. చార్టులో రెండు మీటర్లుంది కదా అని ధైర్యంగా వెళ్లే అలవాటు మార్చిలో ప్రొపెల్లర్‌ని బండకేసి కొడుతుంది.

నీళ్లలో దిగకముందే సగం మ్యాప్

దక్కన్ జలాశయాలకు ఉన్న గొప్ప సౌకర్యం, వాటిలో నీళ్లు ఏటా వేసవిలో బాగా తగ్గుతాయి. ఎండిన ప్రతిసారీ అడుగు ఆకాశానికి కనిపిస్తుంది.

గూగుల్ ఎర్త్ డెస్క్‌టాప్‌లో పాత చిత్రాల గడియారం గుర్తు నొక్కి ఏప్రిల్, మే, జూన్ నెలల చిత్రాలన్నీ ఒక్కొక్కటే తిప్పండి. కరువు సంవత్సరాలవి ముఖ్యంగా. వాగు పాత దారి, శిఖంలో (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో) పొలాల గట్లు, మునిగే రోడ్లు, బండల గుంపులు, తవ్విన గుంతలు అన్నీ తేటగా కనబడతాయి. కనబడినదల్లా పిన్ను గుచ్చి పేరు పెట్టండి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు, సోనార్ కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

రెండో పని ఇంకా విలువైనది. నీటి అంచు అనేది ఆ రోజు మట్టం దగ్గర సహజంగా గీసి ఉన్న కాంటూర్ గీత, అంటే ఒకే మట్టంలో ఉన్న చోట్లని కలిపే గీత. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి, 10 మీటర్ల పిక్సెల్‌తో, ప్రస్తుతం అయిదు రోజులకోసారి, కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా. మేఘం లేని తేదీలు ఎంచుకోండి. నీళ్లని నేల నుంచి విడదీసి చూపే ఎన్‌డీడబ్ల్యూఐ పొర పెట్టండి. ఆకుపచ్చ బ్యాండు బీ3, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు బీ8 మధ్య తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే అది. నీళ్లు ఒక రంగులో, నేల ఇంకో రంగులో విడిపోతాయి. నీటి అంచు చుట్టూ గీత గీసి, ఆ తేదీన జలాశయం మట్టం ఎంతో ఆ అంకె గీతకి పేరుగా పెట్టండి. నవంబరు నుంచి జూన్ దాకా ఏడెనిమిది తేదీలు తీసుకుంటే ఏడెనిమిది కాంటూర్లు, పడవ ఎక్కకుండానే. ఒడ్డు వాలు తక్కువున్న వైపు ఇవి చాలా నమ్మకంగా ఉంటాయి. నిట్టనిలువు ఒడ్డు దగ్గర గీతలన్నీ ఒకే పిక్సెల్‌లో పడతాయి, అక్కడ వదిలేయండి.

ఇక్కడ మోసం చేసేది గుర్రపుడెక్క. ఉపగ్రహానికి అది పచ్చటి నేలలా కనిపిస్తుంది, నీటి అంచు లోపలికి జరిగిపోతుంది. మామూలు రంగుల చిత్రం పక్కన పెట్టుకుని చూడండి. గాలికి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగే పచ్చదనం డెక్కే.

ఎఫ్‌టీఎల్ గీత కోసం హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల సర్వే మ్యాపులున్నాయి. వాటిలో లోతులుండవు గానీ నిండు చెరువు హద్దు ఉంటుంది, మన మ్యాప్‌కి బయటి గీత అదే. పాత పెద్ద జలాశయాలకు ఆనకట్టకు ముందు నాటి టోపో షీట్లు (ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపులు) దొరికితే అదృష్టం. నాగార్జునసాగర్ పునాదిరాయి 1955 డిసెంబరులో పడింది. అంతకుముందు సర్వే చేసిన షీటులో ఇప్పుడు దీవిగా తేలిన నాగార్జునకొండ ఇంకా లోయ మధ్య కొండగానే ఉంటుంది, కృష్ణ పాత దారి చుక్క తప్పకుండా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటి 1:50,000 షీట్లు ఆన్‌లైన్‌లో పీడీఎఫ్‌గా ఇస్తుంది, పేర్లు, వాగుల దిశలు సరిచూసుకోవడానికి వాడండి.

పరికరం, బిగింపు

మీ నీళ్లు 30 అడుగులు దాటవనుకుంటే 200 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే మామూలు చర్ప్ (ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు కొంత పరిధిలో ధ్వని పంపే) ట్రాన్స్‌డ్యూసర్ సరిపోతుంది. ధ్వని కిందికి విచ్చుకునే శంకువు కోణం మీద దృష్టి పెట్టండి. 20 డిగ్రీల శంకువు 10 మీటర్ల లోతులో సుమారు 3.5 మీటర్ల వెడల్పు వలయాన్ని చూస్తుంది. 83 కిలోహెర్ట్జ్ దగ్గర 60 డిగ్రీల శంకువైతే 11.5 మీటర్లు. ఆ వలయంలో ఏది అన్నిటికన్నా పైన ఉంటే దాన్నే పరికరం లోతుగా చెబుతుంది. వాలు మీద అందుకే లోతు ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది, సన్నటి వాగు దారి పూర్తిగా మాయమవుతుంది. చేపలు వెతకడానికి వెడల్పు శంకువు మంచిదే. మ్యాప్ వేసేటప్పుడు సన్నదే పెట్టండి.

గార్మిన్‌లో క్విక్‌డ్రా, హమ్మిన్‌బర్డ్‌లో ఆటోచార్ట్ లైవ్, లోరెన్స్‌లో జెనెసిస్ లైవ్ అనే సౌకర్యాలు పడవ తిరుగుతుండగానే కాంటూర్లు గీస్తాయి. ఒడ్డు నుంచి పనిచేసేవాళ్లకి డీపర్ ప్రో ప్లస్ లాంటి విసిరే సోనార్ ఉంది, అందులో జీపీఎస్ ఉంటుంది. జీపీఎస్ లేని చౌక మోడల్ కొంటే లోతు తెలుస్తుంది, మ్యాప్ రాదు. పుట్టి మీద తిరిగేవాళ్లకి కూడా ఈ విసిరే బంతే హాయి: చిన్న కర్రకు కట్టి పక్కన లాక్కుపోవచ్చు, వైర్ల గోల లేదు. పుట్టి గుండ్రంగా తిరుగుతుంటుంది కాబట్టి బంతిని తెడ్డు వేసే వైపుకి ఎదురుగా కట్టండి.

కయాక్ గానీ చిన్న పడవ గానీ అయితే ట్రాన్స్‌డ్యూసర్‌ని గొట్టానికి బిగించి పక్కన దింపండి, మొహం నేలకి సమాంతరంగా, నీటి మట్టానికి 15 సెంటీమీటర్లు కిందగా. జీపీఎస్ యాంటెనా సరిగ్గా దాని పైనే ఉండాలి. యాంటెనా ముందు, ట్రాన్స్‌డ్యూసర్ రెండు మీటర్లు వెనక ఉంటే ప్రతి లోతూ రెండు మీటర్లు పక్కకి పడుతుంది. ప్రొపెల్లర్ బుడగలు తగిలే చోట పెడితే తెర మీద నిలువు చారలొస్తాయి, లోతు అంకె మిణుకుమంటుంది. నీటి మట్టం నుంచి ట్రాన్స్‌డ్యూసర్ మొహం దాకా ఉన్న 15 సెంటీమీటర్లని సెట్టింగుల్లో ఆఫ్‌సెట్‌గా ఇవ్వడం మర్చిపోవద్దు.

నీటి రకాన్ని మంచినీళ్లకి మార్చండి. 30 డిగ్రీల మంచినీళ్లలో ధ్వని సెకనుకి సుమారు 1509 మీటర్లు పోతుంది, అదే వేడిలో సముద్రపు నీళ్లలో 1546. ఉప్పునీటి సెట్టింగు వదిలేస్తే 10 మీటర్ల దగ్గర పావు మీటరు ఎక్కువ చూపిస్తుంది.

బ్యాటరీ 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్‌ది అందరికీ దొరుకుతుంది. ఆంపియరు దాకా తాగే 7 అంగుళాల తెరకి దాన్ని సగం ఖాళీ అయ్యేదాకా వాడితే మూడు నాలుగు గంటలు వస్తుంది. అంతకు మించి పని ఉంటే లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ తీసుకోండి. కంపెనీ చెప్పిన ఫ్యూజు పాజిటివ్ వైరుకే, బ్యాటరీకి దగ్గరగా వేయాలి. ఫ్యూజు లేకుండా నేరుగా తగిలిస్తే పరికరం పాడవొచ్చు.

కొలత నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? ఒక స్టీలు పళ్లానికి మూడు చోట్ల రంధ్రాలు పెట్టి, నైలాన్ తాళ్లతో ఉట్టిలా కట్టండి. తాడు సాగకూడదు, పళ్లెం అడుగు నుంచి మీటరు మీటరుకి గుర్తులు పెట్టండి. గాలి లేని పొద్దున ట్రాన్స్‌డ్యూసర్ కిందికి 2 మీటర్లు, తర్వాత 5 మీటర్లు దింపండి. తెర మీద పళ్లెం గట్టి గీతలా కనిపిస్తుంది. రెండు చోట్లా ఒకే తేడా వస్తే ఆఫ్‌సెట్ తప్పు. లోతు పెరిగే కొద్దీ తేడా పెరిగితే నీటి రకం తప్పు. గడ కర్రతో సరిచూడటం గట్టి నేల మీద పనిచేస్తుంది గానీ, హుస్సేన్‌సాగర్ లాంటి మెత్తటి బురదలో గడ దిగబడిపోతుంది, సోనార్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. బురద మీద 200 కిలోహెర్ట్జ్ పైపొరనే చూపిస్తుంది, తక్కువ ఫ్రీక్వెన్సీ లోపలికి చొచ్చుకుపోతుంది. రెంటి మధ్య తేడా ఎక్కువున్న చోట బురద మందం ఎక్కువని అర్థం.

గీతలు తిరగడం

పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. ఎండెక్కాక గాలి లేస్తుంది, అలల మీద పడవ ఊగితే లోతులు రంపపు పళ్లలా వస్తాయి.

ముందుగా ఒడ్డు వెంట, పడవ తేలేంత లోతులో, ఒక చుట్టు పూర్తిగా తిరగండి. తర్వాత ఒడ్డుకి అడ్డంగా, అంటే వాలు దిశలో, సమాంతర గీతలు. ఒడ్డు వెంట గీతలు వేస్తే ఒకే లోతు మీద తిరుగుతారు, వాలు అంతు పట్టదు. గీతల మధ్య 25 మీటర్లు మంచి మొదలు. వంద ఎకరాల చెరువంటే సుమారు 4,04,700 చదరపు మీటర్లు. 25 మీటర్లకో గీత వేస్తే మొత్తం 16 కిలోమీటర్ల చిల్లర. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో మూడుంబావు గంటలు, మలుపులు అదనం. రెండు పొద్దుల పని. అన్ని గీతలూ అయ్యాక వాటికి అడ్డంగా రెండు మూడు పొడవాటి గీతలు వేయండి. కలిసే చోట్ల రెండు లోతులూ అరడుగు లోపల సరిపోతే పని బాగున్నట్టు.

సరిపోకపోతే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మొదటిది ఆలస్యం: పరికరం జీపీఎస్‌ని ఒక సెకను ఆలస్యంగా రాస్తే, గంటకి 5 కిలోమీటర్ల దగ్గర ప్రతి చుక్కా 1.4 మీటర్లు జరుగుతుంది. పోయే గీతలో ఒక వైపుకి, వచ్చే గీతలో ఇంకో వైపుకి. అందుకే కాంటూర్లు దువ్వెన పళ్లలా ఒకటి ముందుకి ఒకటి వెనక్కి వస్తాయి. నిటారు వాలున్న చోట ఒకే గీత మీద పోయి రండి, వాలు అంచు రెండుసార్లు ఎంత జరిగిందో చూసి అందులో సగం సరిచేయండి. రెండోది, రెండు పొద్దుల మధ్య మట్టం మారడం. గేట్లు ఎత్తినా, కాలువకి వదిలినా ఒక్క రాత్రిలో అడుగు తేడా రావొచ్చు. పొద్దున ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి గేజీ ఫొటో తీయమనేది ఇందుకే.

పరికరంలోనే మ్యాప్ గీసుకునేవాళ్లకి ఒక కిటుకు. గార్మిన్ క్విక్‌డ్రాలో రికార్డింగ్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. ఈరోజు నీళ్లు ఎఫ్‌టీఎల్ కన్నా 3.6 అడుగులు కిందుంటే అక్కడ ప్లస్ 3.6 ఇవ్వండి. ప్రతిసారీ ఇలాగే చేస్తే ఏ నెలలో తిరిగినా మ్యాప్ అంతా నిండు జలాశయం లెక్కలోనే అతుక్కుంటుంది. హమ్మిన్‌బర్డ్‌లో ఈ పనికి వాటర్ లెవల్ ఆఫ్‌సెట్ ఉంది, దాని గుర్తు ప్లస్సో మైనస్సో మాన్యువల్ చూసి, తెలిసిన ఒక చోట పరీక్షించి పెట్టండి. ఈ ఒక్క అంకె మర్చిపోయి రెండు సీజన్లు కలిపి రికార్డు చేసిన మ్యాపుల్లో లేని దిబ్బలు, లేని గుంతలు పుట్టుకొస్తాయి. వాటిని తర్వాత విడదీయడం కుదరదు.

కంప్యూటర్ మీద

పరికరం గీసింది చాలనుకుంటే ఇక్కడితో ఆగొచ్చు. ఉపగ్రహ గీతలూ, సోనార్ చుక్కలూ కలిపి ఒకే మ్యాప్ కావాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ కావాలి. డబ్బు పెట్టగలిగితే రీఫ్‌మాస్టర్ సోనార్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది, సమయం కలిసొస్తుంది.

పరికరం రాసిన లాగు ఫైలుని సీఎస్‌వీగా (పట్టికలా తెరుచుకునే మామూలు ఫైలుగా) మార్చి తెరవండి. అక్షాంశం, రేఖాంశం, లోతు, సమయం అనే నాలుగు గడులు చాలు. ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. తిరగేస్తే హైదరాబాద్ చెరువు ఆర్కిటిక్‌లో తేలుతుంది. ముందు చెత్త ఏరేయండి: సున్నా లోతులు, చుట్టూ 12 అడుగులుండగా ఒక్క చోట 4 అడుగులు చూపే ముళ్లు. అవి చాలావరకు చేపల గుంపులు, నాచు, బుడగలు. అయితే బండ కూడా ముల్లులాగే ఉంటుంది. పక్క గీతలో అదే చోట మళ్లీ వస్తే తీసేయకండి.

తర్వాత డిగ్రీల్లోంచి మీటర్లలోకి మార్చాలి. ఇక్కడ మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. స్థానాల్ని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 43, 44 జోన్ల సరిహద్దు 78 డిగ్రీల రేఖాంశం నగరానికి కాస్త పడమరగా పోతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నాగార్జునసాగర్ 44లోకి వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో ఆ జోన్‌ని ఎంచుకునే ఈపీఎస్‌జీ సంఖ్య 32644. సింగూరు డ్యామ్ 43లో పడుతుంది, 32643. ఒకే ప్రాజెక్టులో రెండు జోన్లు కలిస్తే పొరలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

లోతుల గడిని అడుగు మట్టంగా మార్చండి, పైన చెప్పిన తీసివేతే. నీటి అంచు గీతల్ని పది మీటర్లకో చుక్కగా విడగొట్టి, వాటికి ఆ తేదీ మట్టం ఇచ్చి సోనార్ చుక్కలతో కలపండి. ఈ మెట్టు దాటేస్తే కాంటూర్లు ఒడ్డు దాకా రాకుండా మధ్యలో తెగిపోతాయి, ముక్కులా చొచ్చుకొచ్చిన నేల మీదుగా నీళ్లున్నట్టు గీస్తాయి. ఇంటర్‌పొలేషన్‌కి, అంటే చుక్కల మధ్య ఖాళీలు పూరించడానికి, చుక్కల్ని త్రిభుజాలుగా కలిపే టిన్ పద్ధతి వాడండి, 5 మీటర్ల గడితో. దగ్గరి చుక్కలకి ఎక్కువ విలువిచ్చే ఐడీడబ్ల్యూ సులువే గానీ ప్రతి చుక్క చుట్టూ గుండ్రటి కళ్లు వేస్తుంది. వచ్చిన రాస్టర్‌ని (గడుల బొమ్మని) ఎఫ్‌టీఎల్ హద్దుతో కత్తిరించి, రెండడుగులకో కాంటూరు తీయండి. ఒక అడుగుకి తీస్తే అందంగా ఉంటుంది, కొలతలో అంత నిజం ఉండదు.

పడవలో వాడటానికి ఎంబీటైల్స్‌గా (మ్యాప్ ముక్కల ఫైలుగా) ఎగుమతి చేస్తే ఓపెన్‌సీపీఎన్ అనే చార్టుల సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది, ల్యాప్‌టాప్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ. బండలు, బావులు, తూము లాంటి చుక్కల్ని జీపీఎక్స్ (జీపీఎస్ చుక్కల) ఫైలుగా చార్ట్‌ప్లాటర్‌లోకి (పడవ మీది మ్యాప్ తెరలోకి) ఎక్కించొచ్చు. ఫైలు పేరులోనే జలాశయం పేరు, ‘ఎఫ్‌టీఎల్ 1790’ అని మూల మట్టం, సర్వే నెల ఉండేలా పెట్టండి.

మ్యాప్ చూపించనివి

రెండు గీతల మధ్య పాతిక మీటర్లలో ఏముందో సోనార్ చూడలేదు, సాఫ్ట్‌వేర్ ఊహించింది. మనది గ్రానైట్ నేల. సమతలంగా ఉన్న అడుగు మీద ఇల్లంత బండ ఒంటరిగా లేచి ఉండటం ఇక్కడ మామూలే. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధ విగ్రహాన్ని నిలబెట్టింది అలాంటి జిబ్రాల్టర్ రాక్ మీదే. ఎండిన రోజుల చిత్రాల్లో బండలు కనబడిన చోట గీతల మధ్య దూరం 8 మీటర్లకి తగ్గించి మళ్లీ తిరగండి.

శిఖంలో వ్యవసాయ బావులు అంతకన్నా ప్రమాదం. నడుము లోతు నీళ్లలో నడుస్తూ గాలం వేసేవాళ్లు ఒక్క అడుగులో బావిలోకి దిగిపోతారు. నాలుగైదు మీటర్ల వెడల్పు బావి పాతిక మీటర్ల గీతలకి దొరకదు. ఎండాకాలం చిత్రంలో నల్లటి చదరమో, గుండ్రమో కనబడితే దాన్ని ప్రమాద గుర్తుగా వేయండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో ఎక్స్‌కవేటర్ తవ్విన గుంతలకు నిలువు అంచులుంటాయి. మొరం తవ్విన చోట్లూ అంతే. ఆ ముందు వేసిన మ్యాప్ ఏదైనా పక్కన పడేయండి.

చేపల కోసం చూసేవాళ్లకి: కట్ట కట్టడానికి మట్టి తీసిన పాత గుంతలు కట్టకి లోపలి వైపునే, కొంచెం దూరంలో వరసగా ఉంటాయి. వాగు పాత దారి తూము వైపు వంకర్లు తిరిగే చోట బయటి ఒంపు లోతుగా ఉంటుంది, వాలుగ, జెల్ల అక్కడ దొరుకుతాయి. కొర్రమీనుకి ఇవేవీ అక్కర్లేదు. దానికి రెండు మూడడుగుల నీళ్లు, గడ్డి అంచు కావాలి. మ్యాప్‌లో కాంటూర్లు దూరదూరంగా పరుచుకున్న తోక వైపు చూడండి. వేసవిలో అడుగున ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో చేప అడుక్కి దిగదు, లోతైన చోటల్లా మంచి చోటనుకోవద్దు. సెన్సిటివిటీ పెంచితే నీటి మధ్యలో పొగలాంటి అడ్డ గీత కనబడొచ్చు. నేలకి అంటకుండా ఒకే లోతులో సాగితే అది వేడి, చల్లటి నీళ్ల పొరల హద్దు. గాలం దానికి పైనే ఉంచండి.

అనుమతి సంగతి పని మొదలుపెట్టే ముందే తేల్చుకోండి. జంట జలాశయాలకు వాటర్ బోర్డుని అడగాలి. ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. సంఘం పెద్దమనిషితో ముందు మాట్లాడితే వలలు ఎక్కడ కట్టి ఉన్నాయో కూడా చెబుతారు, ప్రొపెల్లర్‌కి వల చుట్టుకునే బాధ తప్పుతుంది. మంజీరా అభయారణ్యంలో మొసళ్లుంటాయి, అక్కడ అటవీ శాఖ మాటే చివరి మాట. గేట్లు, ఇన్‌టేక్ టవర్ల దగ్గరికి ఎక్కడైనా సరే పోవద్దు: భద్రతా సిబ్బంది సంగతి అటుంచి, గేటు ముందు నీళ్లు పైకి నిశ్చలంగానే ఉండి కింద లాగుతుంటాయి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

పెద్ద వరద వచ్చి గేట్లన్నీ ఎత్తిన ఏడాది తర్వాత వాగు కలిసే మూల దగ్గర రెండు మూడు గీతలు మళ్లీ తిరగండి. ఇసుక, ఒండ్రు ముందుగా పడేది అక్కడే. పాత అడుగు మట్టంతో ఒక అడుగుకి మించి తేడా వస్తే ఆ మూల వరకు కొత్త సర్వే చేసి, పాత చుక్కల్ని తీసేసి, టిన్ మళ్లీ నడపండి. మిగతా మ్యాప్‌ని కదిలించక్కర్లేదు.